కుంగని బండి

కాటన్‌వుడ్ క్రీక్ రోడ్డు, మోంటానా
నవంబరు 6, 1988

క్లారెన్స్ అన్నయ్యకు,

ముందు కూర్చో. పోస్టుడబ్బా దగ్గర నిలబడే ఉత్తరాలు చించుతావని నాకు తెలుసు. ఎవరూ పోలేదు. ఆ మాట ముందే రాసేస్తే నాకూ కాస్త ఊపిరాడుతుంది.

అక్టోబరు పంతొమ్మిదిన మా ఆర్విడ్ పట్నం నుంచి పికప్ బండిలో ఆవులకు ఉప్పు దిమ్మలు వేసుకుని వస్తున్నాడు. ముప్పై దిమ్మలు, ఒక్కోటీ యాభై పౌన్లు. వాగు దిగుడు నీకు తెలుసుగా, జులైలో వచ్చినప్పుడు నువ్వే "ఇది రోడ్డా, జారుడుబల్లా?" అన్నావు. ఆ అడుగున, మలుపులో, స్కూలు బస్సు ఎర్రదీపాలు వేసుకుని ఆగి ఉంది. పదకొండు మంది పిల్లలున్నారు అందులో. కొందరు దిగుతున్నారు. ఈయన బండి ఆగలేదు. ఆఖరి క్షణంలో పక్కకి తిరిగి, నాలుగు కంచె గుంజలు విరగ్గొట్టుకుని విల్లో పొదల్లో పడింది. పిల్లలకి గీత కూడా పడలేదు. ఈయనకి భుజం ఎముక విరిగింది.

వెనకాలే పక్క పొలం డ్వేన్ వస్తున్నాడు. దిగుడు పొడుగునా ఈయన బ్రేకు దీపాలు వెలుగుతూనే ఉన్నాయట. సరిగ్గా బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయాయట. అంటే కాలు బ్రేకు మీంచి వచ్చేసిందన్నమాట. మార్చిలో పక్షవాతం తాకినప్పుడు ఆ కుడికాలే కదా పది రోజులు మొద్దుబారింది. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి అనలేదు. చర్చి కింద గదిలో కాఫీ తాగేటప్పుడు అందరూ నా చెయ్యి నొక్కారు, అంతే.

పట్నంలో మెకానిక్ బండిని చక్రం చక్రం విప్పి చూశాడు. నడిపీ చూశాడు. "మేకు కొట్టినట్టు ఆగుతోందమ్మా, బండిలో ఏ లోపమూ లేదు" అన్నాడు. మార్లిస్ బిల్లింగ్స్ నుంచి వచ్చి, వాళ్ల నాన్న తాళాలు తన సంచీలో వేసుకుంది. ఆయన ఖాళీ అయిన మేకు వైపు చూశాడు. నేనే అన్నాను, అదీ అమ్మాయి ముందు: "ఇంకోసారి జారితే ఆ పిల్లల తల్లులకి నేనేం మొహం చూపించను?" అని.

ఇప్పుడు ఒక కొత్త అలవాటు పట్టాడు. భోజనానికి కూర్చున్నప్పుడు బల్ల కింద అడ్డపట్టీ మీద కుడికాలు పెట్టి నొక్కుతుంటాడు. నొక్కుతాడు, వదులుతాడు, మళ్లీ నొక్కుతాడు. బల్ల జరుగుతుంది, సూపు ఒలుకుతుంది. "ఏం చేస్తున్నావు?" అంటే, "ఏం లేదు" అంటాడు. నాకు తుడిచి తుడిచి విసుగొచ్చింది అన్నయ్యా. అలసిపోయాను కూడా.

నీ చెల్లెలు
థెల్మా


లైమా, ఒహాయో
నవంబరు 14

థెల్మా,

కూర్చునే చదివాను. రెండుసార్లు చదివాను. ఫోను చేద్దామనుకున్నాను గానీ, నా చెవుల సంగతి నీకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు బ్రేకుల ఫ్యాక్టరీలో ఆ పరీక్షా యంత్రాల పక్కన నిలబడ్డ ఫలం. ఫోన్లో నువ్వు ఏడ్చినా, నవ్వినా నాకు ఒకే గుంయ్‌మనే చప్పుడు. కాబట్టి ఉత్తరమే దిక్కు.

పిల్లలు క్షేమం, అది చాలు. బావ ఎముక అతుక్కుంటుంది. కానీ ఒక మాట అంటాను, తప్పుగా తీసుకోకు. బావ దిగుడులో గేరు మార్చడు. ఎప్పుడూ మార్చడు. జులైలో పక్కన కూర్చుని చూశాను, బ్రేకు మీదే దించేస్తాడు. బరువుతో దిగేవాడు పై నుంచే కింది గేరులో దిగాలి.

నాకు కొన్ని సంగతులు కావాలి. నేల మీద చక్రాల గుర్తులు ఎలా ఉన్నాయి? ముందు చక్రాలవి గీరుకున్నాయా, వెనకవి గీరుకున్నాయా? ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. చర్చిలో మనిద్దరం పెద్ద సూపు గిన్నె చెరో చెవీ పట్టుకుని మెట్లు దింపేవాళ్లం, గుర్తుందా? ముందు దిగేవాడి మీదే బరువంతా పడేది. బండి ఆగేటప్పుడూ అంతే. బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలిపోతాయి. తేలిపోయిన చక్రానికి ముందు చక్రంతో సమానంగా బ్రేకు వేస్తే అది బిగుసుకుపోతుంది, బండి తోక తిప్పుతుంది. అందుకే వెనక్కి పోయే బ్రేకాయిల్ దారిలో చిన్న వాల్వు పెడతారు. నేను బతుకంతా చేసింది దాన్నే. కాలు మెల్లగా వేస్తే ముందూ వెనకా సమానంగా పోనిస్తుంది. గట్టిగా తొక్కితే, వెనక్కి పోయే జోరుకి పగ్గం వేస్తుంది.

అది పాడైపోయుంటే గుర్తుల్లో తెలుస్తుంది. చూసి రాయి. నా మోకాళ్లు నొప్పి, ఇక్కడ వాన. పెద్దగా విశేషాలు లేవు.

క్లారెన్స్


నవంబరు 27
కాటన్‌వుడ్ క్రీక్

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. డ్రాయరులో పెట్టేశాను. భుజం విరిగి, తాళాలు పోయి కూర్చున్నవాడికి "దిగుడులో గేరు మార్చడు" అని బావమరిది రాసిందీ చదివి వినిపించాలా? గోరుచుట్టు మీద రోకటిపోటు. అమ్మ బతికుండగా కూడా నువ్వు అంతే. గ్లాసు పగిలితే ముందు ఎవరు పగలగొట్టారని అడిగేవాడివి, తర్వాతే చెయ్యి తెగిందా అని.

సరే, అడిగావు కాబట్టి రాస్తున్నా. మంచు పడకముందే డ్వేన్‌ని తీసుకెళ్లి చూశాను. ఆ రోజు బురదగా ఉంది, తర్వాత గడ్డకట్టింది, అందుకని అచ్చుపోసినట్టు అలాగే ఉన్నాయి. మలుపులో ముందు చక్రాలవి రెండు గీరలు, నాగలి లాగినట్టు. వెనక చక్రాలవి గీరుకోనే లేదు. టైరు మీద గళ్లన్నీ బురదలో విడివిడిగా పడ్డాయి, గళ్లు చెక్కిన అప్పడాల కర్రతో అద్దినట్టు. పొదల దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రాలవి కూడా గళ్లుగా మారాయి, అక్కడే పక్కకి తిరిగాయి. డ్వేన్ చూసి, "దీపాలు ఆరింది ఇక్కడేనమ్మా" అన్నాడు. కాలు జారిన చోటు కూడా చూసొచ్చాను. నీకు తృప్తేనా?

ఇంకో సంగతి. వెనక భాగం కుంగకుండా నువ్వు జులైలో వేసిన అదనపు కమాను పట్టీలు మాత్రం రాయిలా ఉన్నాయి. అంత దెబ్బకీ చెక్కు చెదరలేదు. ఆ రోజు ముప్పై దిమ్మలు ఎక్కించినా వెనక భాగం అంగుళం కూడా దిగలేదని గోదాము దగ్గర అందరూ అన్నారట. అంతకు ముందు ఆయన్ని ఎంత ఏడిపించేవాళ్లో తెలుసుగా, "ఏం ఆర్విడ్, నీ బండి కుక్కలా బిస్కెట్టు కోసం కూర్చుందా?" అని. ఆ ఒక్క రోజు తలెత్తుకుని వచ్చాడు పాపం.

ఇప్పుడు నేను నడుపుతున్నాను, ఆయన పక్కన కూర్చుంటాడు. ఖాళీ బండి, చక్కగా ఆగుతుంది. అది ఆగిన ప్రతిసారీ ఆయన నా కాలి వైపు చూస్తాడు. ఎదురొచ్చే వాళ్లు స్టీరింగు మీంచి వేలెత్తి పలకరిస్తారు కదా, నేను ఎత్తుతాను. ఆయన ఎత్తడు. నలభై ఏళ్లు ఈ రోడ్డు మీద ఎవరు వచ్చినా వేలెత్తినవాడు. "నువ్వూ ఎత్తచ్చు కదా" అన్నాను. "నడిపేవాడు ఎత్తాలి" అన్నాడు.

థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి మాడింది ఈసారి. మాడిందే అందరూ తిన్నారు.

థెల్మా


లైమా
డిసెంబరు 5

చెల్లాయ్,

ఈ పూట ఎక్కువ రాయలేను. ఒక్కటే సంగతి. ఆ బండిలో బరువు వెయ్యకు. గడ్డి మోపు కూడా వెయ్యకు. ఖాళీగా నడుపుకో, ఫరవాలేదు. ఎందుకో తర్వాత వివరంగా రాస్తాను. ముందు నేను కొన్ని చూసుకోవాలి.

బావ కాలి గురించి ఎవరితోనూ ఏమీ అనకు.

క్లా.


డిసెంబరు 16, శుక్రవారం

క్లారెన్స్‌కి,

అన్నయ్య అని రాయబుద్ధి కావడం లేదు ఈ రోజు.

ఐదు లైన్ల ఉత్తరం. "బరువు వెయ్యకు." సరేనయ్యా. ముందు మా ఆయనకి చేతకాదన్నావు, ఇప్పుడు నాకూ చేతకాదా? నేను పదకొండేళ్లప్పుడు నాన్న గడ్డిబండి నడిపాను, నువ్వు దాని వెనక దుమ్ము తింటూ నడిచావు. మరిచిపోయావేమో. డెబ్బై ఆవులున్నాయి నాకు, వాటికి మంచులో మేత కావాలి. క్రిస్మస్ కాగానే డ్వేన్ దగ్గర్నుంచి నలభై మోపులు తెచ్చుకోవాలి. ఆ దిగుడు మీంచే. నువ్వు ఒహాయో నుంచి వచ్చి మోస్తావా?

నేను ఎవరితో ఏమంటాను ఆయన కాలి గురించి? అనడానికి ఏం మిగిలింది? పొద్దున ఆయన లైసెన్సు కవర్లో పెట్టి, నాలికతో తడిపి అంటించి, హెలెనాలో లైసెన్సు ఆఫీసుకి పంపేయమని నా చేతిలో పెట్టాడు. ఎవరూ అడగలేదు. మార్లిస్ కూడా అడగలేదు. "వాళ్లు అడిగేదాకా ఎందుకు" అన్నాను. "పదకొండు మంది, థెల్మా" అన్నాడు. అంతే. ఆ కవరు ఇంకా నా కోటు జేబులోనే ఉంది. పోస్టాఫీసు ముందు నుంచి రెండుసార్లు వెళ్లాను, బండి ఆపలేకపోయాను.

బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను, జరక్కుండా. అయినా నొక్కుతూనే ఉన్నాడు. నిన్న లెక్కబెట్టాను. సూపు అయ్యేలోగా అరవై నాలుగుసార్లు.

లెఫ్సె, అదే మన బంగాళాదుంప రొట్టెలు, వేరే పార్సెల్లో పంపాను. కోపంలో చేశాను, కొంచెం మందంగా వచ్చాయి.

థెల్మా


లైమా
డిసెంబరు 21

థెల్మా తల్లీ,

నిన్న నీ ఉత్తరం అందగానే పక్కింటి పెట్రోస్కీ గారిని పిలిచి, ఆవిడ చేత నీకు ఫోను చేయించాను. నువ్వు ఏమన్నావో ఆవిడ కాగితం మీద రాసి ఇచ్చింది: "గడ్డి మోపులు వేయనంది. మా అన్నయ్యకి పిచ్చెక్కిందా అంది. ఏడుస్తోంది." ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. డిసెంబరు ఐదున రాయలేక వదిలేసింది ఇవాళ రాస్తున్నాను. ఆ పదిహేను రోజులూ నేను చూసుకోవాల్సింది ఏమీ లేదు. తెలిసీ రాయలేదు. భయమేసింది.

బావ తప్పు లేదు. బావ కాలి తప్పు లేదు. తప్పు నాది.

వాల్వు గురించి రాశాను కదా. మీ బండిలో ఉన్నది ఇంకాస్త తెలివైన రకం. సరుకుల బండి వెనక భాగం ఒకరోజు ఖాళీ, ఒకరోజు బరువు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలకి బ్రేకు తక్కువ పోవాలి. బరువు ఉన్నప్పుడు ఎక్కువ పోవాలి, ఎందుకంటే అప్పుడు ఆ చక్రాలు నేలని గట్టిగా పట్టుకుంటాయి, సగం పని అవే చెయ్యాలి. మరి బరువు ఉందో లేదో వాల్వుకి ఎలా తెలుస్తుంది? దానికి కళ్లు లేవు. వెనక ఇరుసు నుంచి దానికి ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. బరువు వేస్తే బండి కుంగుతుంది. బండి కుంగితే కడ్డీ పైకి జరిగి వాల్వుని నొక్కుతుంది. "బరువు వచ్చింది, వెనక్కి ధారాళంగా వదులు" అని చెప్పినట్టు.

నేను వేసిన పట్టీలతో మీ బండి కుంగడం మానేసింది. ముప్పై దిమ్మలు వేసినా కుంగలేదు. కాబట్టి వాల్వు దృష్టిలో ఆ రోజు బండి ఖాళీ. బావ ప్రాణం పెట్టి తొక్కినా, వెనక చక్రాలకి ఖాళీ బండికి ఇచ్చే బ్రేకే ఇచ్చింది. పదిహేను వందల పౌన్ల ఉప్పుని ముందు చక్రాలు రెండే ఆపాల్సి వచ్చింది. అవి బిగుసుకుని గీరుకున్నాయి. వెనకవి హాయిగా దొర్లుతూ గళ్లు అద్దాయి. నువ్వు రాసిన ఆ అప్పడాల కర్ర మాట చదివిన క్షణమే నాకు అర్థమైంది. మెకానిక్‌ని ఏమీ అనకు. ఖాళీ బండి నడిపి చూశాడు, ఖాళీ బండి బాగానే ఆగుతుంది. నీకూ ఆగింది.

ఇక దీపాలు ఆరడం. ముందు చక్రాలు బిగుసుకున్నాక స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతుంది. నేరుగా అంటే బస్సు మీదికి. తిరగాలంటే ఒక్కటే దారి: బ్రేకు మీంచి కాలు తియ్యాలి. బస్సు ముందుండగా బ్రేకు వదలడం ఎంత కష్టమో ఆలోచించు. నూటికి తొంభై మంది కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా తొక్కుతారు. డ్వేన్ చూపించిన చోట గీరలు గళ్లుగా మారాయన్నావు, అక్కడే తిరిగాయన్నావు. దీపాలు ఆరాయి కాబట్టే బండి తిరిగింది, థెల్మా. కాలు జారలేదు. తీశాడు.

ఇప్పుడు నా సంగతి. జులైలో షెడ్డు నీడలో బండి కింద పడుకుని పట్టీలు బిగించాను. బావ పానాలు అందిస్తున్నాడు. కడ్డీ నా బొటనవేలికి తగిలింది కూడా. దాన్ని కొత్త ఎత్తుకి సరిచెయ్యాలని నాకు తెలుసు, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? పైకి అన్నాను కూడా: "ఇదొకటి ఉంది, అన్నం తిని వచ్చి చూద్దాం." అప్పుడే నువ్వు రుబార్బ్ తీపిరొట్టె ఆరిపోతోందని కేకేశావు. తిన్నాం. నిద్రపోయాను. మర్నాడు రైలెక్కాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆ వాల్వులు లక్షల్లో నా చేతి కింద పోయాయి. సొంత చెల్లెలి బండి దగ్గర మరిచాను. దీపం కిందే చీకటి అంటారు, నాది అంతకంటే సిగ్గుచేటు.

పైగా నీకు గేరు గురించి ఉపన్యాసం రాశాను.

ఆ బండి నీలాంటిదే తల్లీ. ఎంత వేసినా కుంగదు, అందుకే ఎవరికీ తెలియదు ఎంత బరువుందో. నేనూ అడగలేదు ఎప్పుడూ.

ఈ ఉత్తరం బావకి చదివి వినిపించు. డ్రాయరులో పెట్టకు. మార్లిస్‌కీ, డ్వేన్‌కీ, ఆ బస్సు పిల్లల తల్లులకీ చూపించు. ఆ కవరు పోస్టు చెయ్యకు. జనవరి పదిన రైలెక్కుతాను, నా పానాలు నేనే తెచ్చుకుంటాను. ఇంట్లోకి రానిస్తే వస్తాను, లేకపోతే షెడ్డులోనే పని చేసి వెళ్లిపోతాను.

క్లారెన్స్


కాటన్‌వుడ్ క్రీక్
జనవరి 2, 1989

అన్నయ్యా,

నీ మీద కోపం పోలేదు, అది ముందు రాస్తున్నా. నువ్వు మరిచిపోయినందుకు కాదు. మనం మనుషులం, మరిచిపోతాం. తీపిరొట్టె ఆరిపోతోందని కేకేసింది నేనే. డిసెంబరు ఐదున తెలిసీ ఐదు లైన్లు రాసి ఊరుకున్నావు చూడు, దానికి. ఆ పదిహేను రోజుల్లోనే ఆయన ఆ కవరు అంటించాడు. ఇది నేను ఇంకొంత కాలం మోస్తాను, నువ్వూ మొయ్యి.

ఉత్తరం వంటింట్లో చదివాను. ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నాడు. "కాలు జారలేదు, తీశాడు" అన్నచోట ఆగాను. "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను.  తర్వాత మెల్లగా అన్నాడు: "తీసినట్టే గుర్తుంది నాకు. ఎందుకు తీశానో తెలియలేదు. పన్నెండో ఏట నుంచి మంచు మీద నడుపుతున్నాను, కాలికే తెలుసేమో. కానీ మీరందరూ జారిందన్నాక, జారిందేమో అనుకున్నాను."

మీరందరూ అన్నాడు. అందులో నేను ముందున్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆయన కాలు జారనే లేదు. జారింది నా నోరు, అదీ కన్నకూతురి ముందు. "నన్ను క్షమించు" అన్నాను. "సూపు చల్లారుతోంది" అన్నాడు.

మార్లిస్‌కి ఫోను చేసి ఉత్తరం మొత్తం చదివాను. అవతల అది ఏడ్చింది. తాళాలు శనివారం తెచ్చిచ్చింది, వాళ్ల నాన్న చేతిలో పెట్టలేక బల్ల మీద పెట్టింది. ఆయన మేకుకి తగిలించాడు. ఇంకా తియ్యలేదు. భుజం పూర్తిగా బాగయ్యాక పరీక్షకి వెళతాడట, డాక్టరు కాలు చూసి సరే అంటేనే. "వాళ్లకి నా మీద నమ్మకం రావాలి కదా" అన్నాడు. వస్తుందో రాదో నాకు తెలియదు. కవరు మాత్రం పొయ్యిలో వేశాను, లైసెన్సు బయటికి తీసి.

డ్వేన్ నిన్న తన ట్రాక్టరు మీద నలభై మోపులూ తెచ్చి పడేశాడు. వెళ్తూ వెళ్తూ ఆయన ముందు టోపీ తీసి, "నేను చూసింది ఒకటి, చెప్పింది ఒకటి, ఆర్విడ్" అన్నాడు. ఇద్దరూ బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. తర్వాత ఆవుల గురించి మాట్లాడుకున్నారు.

నువ్వు ఇంట్లోకే రా. షెడ్డులో పడుకుంటానని నాటకాలాడకు, మైనస్ ఇరవై ఇక్కడ. ఆయన నీకో మాట రాస్తానంటున్నాడు, ఇదిగో కింద రాశాడు.

*బావా, పట్టీలు తియ్యకు, అవి బాగున్నాయి. కడ్డీ ఒక్కటి సరిచెయ్యి. ఈసారి అయ్యాకే అన్నం. ఆర్విడ్.*

చూశావుగా, అంతే రాశాడు. దానికి పావుగంట పట్టింది.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను, చేతులు నొప్పెడుతున్నాయి. నీ ఉత్తరం చదివిన రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు నా గిన్నెలో సూపు కదులుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. ఈ పూట బల్ల కింద వంగి, ఆ అట్టముక్కలు నాలుగూ తీసేశాను.

నీ చెల్లెలు
థెల్మా